పెబుల్‌కి పడిన ముప్ఫై ఎనిమిది ఓట్లు

ధనుంజయ్ పుట్టింది రాయపూర్‌లో, డబ్ల్యూఆర్ఎస్ కాలనీలోని రైల్వే క్వార్టరులో. తండ్రి పరదేశి వ్యాగన్ల షాపులో ఫిట్టరు. శ్రీకాకుళం నుంచి పద్దెనిమిదేళ్ళ వయసులో వచ్చి, పెళ్ళికి ఒకసారి వెళ్ళి, మళ్ళీ వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. బడిలో హిందీ, వీధిలో ఛత్తీస్‌గఢీ, ఇంట్లో తల్లి చిన్నమ్మ తెలుగు. ధనుంజయ్ మూడు భాషల్లోనూ తక్కువే మాట్లాడేవాడు.

చిన్నప్పటి నుంచీ అతనికి రోత ఎక్కువ. మెట్ల మూలల్లో గుట్కా ఉమ్మి ఎండి ఎర్రటి చారలు కట్టి ఉంటే ఆ వైపు భుజం తగలకుండా ఒదిగి ఎక్కేవాడు. ఇనుము ఫ్యాక్టరీల నుంచి రాలే నల్లపొడి డాబా మీద ఆరేసిన చొక్కాకి అంటుకుంటే, దులిపి వేసుకోలేక మళ్ళీ తడిపేవాడు. "ఈడికి వొళ్ళంతా చీదరే" అనేది చిన్నమ్మ. తిట్టు కాదు, ఆవిడకి కనిపించిన సంగతి.

కంప్యూటరు అతనికి నచ్చడానికి కారణం అదే కావచ్చు. అక్కడ రాసింది రాసినట్టు ఉండేది. ఎవరి చేయీ అంటేది కాదు.

డిగ్రీ అయ్యాక రాయపూర్‌లోనే మోవాలో మురళీమోహన్ నడిపే కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పే పనికి కుదిరాడు. అక్కడే బ్రిక్‌యార్డ్ అతని కంట పడింది. వెబ్‌సైటు కట్టేవాళ్ళు ప్రతిసారీ పునాది తవ్వుకోనక్కర్లేకుండా సిద్ధంగా దొరికే చట్రం అది. ఎవరి సొత్తూ కాదు. పది పన్నెండు దేశాల్లో కొంతమంది, ఒకరి ముఖం ఒకరు చూడకుండా, అందరికీ కనబడే ఉత్తరాల్లో మాట్లాడుకుంటూ ఉచితంగా తయారుచేసేవారు. ఎవరైనా తప్పు చూపించవచ్చు. దిద్దవచ్చు. దిద్దింది పనికొస్తే దిద్దినవాడి పేరు ఆ కోడ్ వరస పక్కన ఉండిపోతుంది. నాలుగేళ్ళలో ధనుంజయ్ అరవై ఒక్క తప్పులు దిద్దాడు. ఆ అరవై ఒక్క చోట్ల తప్ప అతని పేరు ఎక్కడా అచ్చయి లేదు.

2008 వేసవిలో బ్రిక్‌యార్డ్ వాళ్ళొక నిర్ణయానికి రావలసి వచ్చింది. వెబ్‌పేజీలో మెనూ తెరుచుకోవాలన్నా, ఫారంలో ఒక గడి ఖాళీగా వదిలేస్తే అక్కడికక్కడే హెచ్చరించాలన్నా జావాస్క్రిప్ట్ రాయాలి. అది ఎవరికి వారు రాసుకోకుండా, ముందే రాసిపెట్టిన లైబ్రరీ ఒకదాన్ని బ్రిక్‌యార్డ్‌తో కలిపి ఇవ్వాలనుకున్నారు. వడపోతలో రెండు మిగిలాయి, వాటిలో ఒకదాన్ని ఓట్లతో ఎంచాలి. వెరాండా పెద్దది. క్యాలెండర్లు, జారే తలుపులు, ముట్టుకుంటే రంగు మారే బొత్తాలు. పెబుల్ చిన్నది. పని జరుగుతుంది, అంతే.

ధనుంజయ్‌కి ఇది దూరపు సంగతి కాదు. రాయపూర్ చుట్టుపక్కల ఊళ్ళలో దరఖాస్తులు తీసుకునే సేవా కేంద్రాలకు ఇన్‌స్టిట్యూట్ ఫారాలు తయారుచేసేది, బ్రిక్‌యార్డ్ మీదే. అక్కడివి పాత యంత్రాలు. ఇంటర్నెట్ టెలిఫోన్ తీగ మీద వచ్చేది. పేజీ తెరుచుకోవడం ఆలస్యమైతే కిటికీ బయట ఎండలో నిలబడేది పొలం పని మానుకుని వచ్చిన మనుషులు. వాళ్ళ తరఫున బ్రిక్‌యార్డ్‌లో మాట్లాడేవాడు ఇంకెవడూ లేడు.

ఆరు వారాలు, సెలవు దొరికిన ప్రతిరోజూ, బస్సెక్కి అభన్‌పూర్, ఆరంగ్, ధర్సీవా తిరిగాడు. ఒకే ఫారాన్ని ఒకసారి పెబుల్‌తో, ఒకసారి వెరాండాతో తెరిచి స్టాప్‌వాచీ నొక్కి కొలిచాడు. పెబుల్‌తో తొమ్మిది సెకన్లు. వెరాండాతో నలభై నాలుగు. జరిగింది జరిగినట్టు రాశాడు. ఆరంగ్‌లో నాలుగో కొలత మధ్యలో ఆగిపోయింది, 11.40కి కరెంటు పోయింది. అది కూడా రాసి, నివేదికను అందరికీ పంపాడు.

ఓట్లు లెక్కించే బాధ్యత ఫిన్లాండ్‌లో ఉండే ఒకామెది. ఆమె అందరికీ ఇలా రాసింది: "ఇన్నాళ్ళూ మనం మన బల్లల మీది కొత్త యంత్రాల గురించే వాదించుకున్నాం. ఇది మొదటి నిజమైన కొలత. దయచేసి చదవండి." ధనుంజయ్ ఆ ఉత్తరాన్ని నాలుగైదుసార్లు చదువుకున్నాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఒక తప్పు దిద్దినవాళ్ళెవరైనా, లేదా ఒక కొలత నివేదిక పెట్టినవాళ్ళెవరైనా ఓటు వేయవచ్చు. గడువు శుక్రవారం, మన లెక్కలో సాయంత్రం అయిదున్నర.

మంగళవారం టీ దగ్గర మురళీమోహన్ అడిగాడు.

"ఏవయ్యా, మీ ఎలక్షన్ ఎంతదాకా వచ్చింది?"

"ఎలక్షన్ కాదు సార్. అభిప్రాయాలు."

"అభిప్రాయాలు లెక్కపెడతారా, పెట్టరా?"

"పెడతారు."

"మరి అది ఎలక్షనే. ఎంతెంత?"

"మనవి పదహారు, వాళ్ళవి పదిహేను."

"ఒక్కటే తేడానా! ఒక్కటి ఏపాటిదయ్యా, టీ తాగి లేచేలోపు జారిపోద్ది. ఎవరెవరు వేయొచ్చు?"

ధనుంజయ్ చెప్పాడు. అడిగినదానికంటే ఎక్కువే చెప్పాడు. తన నివేదిక ఎక్కడ ఉందో, ఎలా రాయాలో, ఆ ఫిన్లాండ్ ఆమె ఏమందో కూడా. 'మనవి' అని తను అన్న మాట అప్పుడతని చెవికి తగల్లేదు.

మురళీమోహన్‌ది గుంటూరు వైపు. రాయపూర్‌లో ఉన్న నాలుగైదు తెలుగు సంఘాల్లో ఒకదానికి మూడుసార్లు కార్యదర్శిగా నెగ్గాడు. ఓటర్లను ఆటోల్లో రప్పించి, ఉప్మా పెట్టి, ఓటు వేయించి, మళ్ళీ ఆటోల్లోనే ఇళ్ళ దగ్గర దింపించేవాడు. అందులో తప్పుందని ఎవరూ అనుకోలేదు. రప్పించకపోతే ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. ధనుంజయ్ మాట నమ్మి అతను ఇన్‌స్టిట్యూట్ ముందు గుడ్డ బ్యానరు కూడా కట్టించి ఉన్నాడు: పెబుల్ కోర్సు, ఛత్తీస్‌గఢ్‌లో మొదటిసారి.

బుధవారం ధనుంజయ్ ఆరంగ్ వెళ్ళాడు, ఆగిపోయిన ఆ నాలుగో కొలత పూర్తి చేయడానికి. గురువారం వచ్చేసరికి ల్యాబ్‌లో సమోసా వాసన. కాగితాలు నూనెతో పారదర్శకమై నలిగి కీబోర్డుల పక్కన పడి ఉన్నాయి. మౌసు పట్టుకుంటే వేళ్ళకి అంటుకుంది. విద్యార్థుల్లో ముందుండే ఉమేష్ నవ్వుతూ ఎదురొచ్చాడు.

"హో గయా సార్! ముప్ఫై ఎనిమిదీ పడ్డాయి. ఒక్కటి కూడా మిస్ అవలేదు."

"ఏం పడ్డాయి?"

"ఓట్లు సార్. పెబుల్‌కి. పెద్ద సార్ కూర్చోబెట్టి వేయించారు. రిపోర్ట్ పెడితేనే ఓటు అన్నారు కదా, మీది చూసి దించేశాం. ప్రాక్టికల్ రికార్డు రాసినట్టే."

ప్రాక్టికల్ రికార్డు అంటే ఏమిటో ధనుంజయ్‌కి తెలుసు. ఒకడు రాస్తాడు, తక్కినవాళ్ళు దించుకుంటారు. దాని మీద సంతకం పెట్టేది తనే. ఎప్పుడూ చదవలేదు. ఒకటి చూస్తే అన్నీ చూసినట్టే కాబట్టి తేదీ వేసి పక్కకి నెట్టేవాడు.

నివేదికలు తెరిచాడు. మొదటిది ఉమేష్‌ది. ఆరంగ్‌లో నాలుగో కొలత ఆగిపోయింది, 11.40కి కరెంటు పోయింది. రెండోది తెరిచాడు. 11.40కి కరెంటు పోయింది. మూడోది, నాలుగోది, అయిదోది. పదకొండు దాకా తెరిచాడు. తన ఆరు వారాలను ఎవరో నమిలి, అవే మాటలను ముప్ఫై ఎనిమిది చోట్ల ఉమ్మినట్టు అనిపించింది. నివేదికలు మూసేసి కొళాయి దగ్గరికి వెళ్ళి మోచేతులదాకా కడుక్కున్నాడు.

మురళీమోహన్ తన గదిలో పేపరు చదువుతున్నాడు.

"ఎవరు చెయ్యమన్నారు సార్?"

"ఎవరో చెయ్యమనాలేంటయ్యా? మనోడి మాట నెగ్గాలని చేశాం. సమోసాల డబ్బులు కూడా నా జేబులోవే."

"ముప్ఫై ఎనిమిది మందికీ పదకొండు నలభైకే కరెంటు పోయింది."

"పోదా మరి? ఒకే ఊరు కదా." అంటూ పెద్దగా నవ్వాడు.

"ఇది మోసం సార్."

నవ్వు ఆపి పేపరు మడిచాడు మురళీమోహన్. "నీ లెక్కలు అబద్ధమా?"

"కాదు."

"నిజమే కదా. ఒకడు చెప్తే నిజమైంది ముప్ఫై ఎనిమిది మంది చెప్తే అబద్ధమైపోద్దా?"

ధనుంజయ్ గదిలోంచి బయటికి వచ్చేశాడు.

బ్రిక్‌యార్డ్‌లో ఎవరూ ఏమీ గమనించలేదు. పైగా ఒకాయన రాశాడు: రాయపూర్ మిత్రుల ఉత్సాహం చూస్తే ముచ్చటేస్తోంది, మనందరికీ ఇది పాఠం. ఇంకో ఇద్దరు దానికి వంతపాడారు. నివేదికలు తెరిచి చూసినవాడు ఒక్కడూ లేడు. పెబుల్‌కి యాభై నాలుగు, వెరాండాకి పదిహేను. ఊరికే ఉంటే చాలు. సేవా కేంద్రాల్లో పేజీ తొమ్మిది సెకన్లలో తెరుచుకుంటుంది.

ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని తండ్రికి చెప్పాడు. చెప్పకుండా ఉండలేకపోయాడు.

"నెగ్గినావు కదేటి?" అన్నాడు పరదేశి.

"అది నెగ్గడం కాదు నాన్నా. కొలవకుండా కొలిచామని రాశారు."

"అలగంటే ఎలగ? మీ మురళీబాబు సంఘం ఎలక్షన్‌కి మూడుపాల్లు ఆటో పంపినాడు. ఎక్కినాను. ఉప్మా తిన్నాను, జీడిపప్పు గట్టిగానే ఏసినాడు. ఆయనకే ఓటేసినాను. ఎదర నిలుసున్నోడెవడో నాకు ఇప్పటికీ తెల్దు. ఏటయింది? సంఘం నడవట్లేదేటి?"

"తెలీకుండా ఎలా వేశావు?"

"ఉప్మా తినీసి ఇంకోడికి ఎలగేస్తాన్రా?" నిజంగానే ఆశ్చర్యపోయాడు పరదేశి. "ఛోడ్ దే. నీ మంచికే సేసినాడు. ఇప్పుడు నోరిప్పితే నీ ముఖానే పడతాది."

"తిని మాటాడుకోండి, పులుసు సల్లారిపోతంది" అంది చిన్నమ్మ.

తండ్రి వేళ్ళ మధ్య నుంచి పులుసు ముంజేతికి కారుతోంది. నాలుకతో తుడుచుకున్నాడు. ఇరవై ఆరేళ్ళుగా చూస్తున్న దృశ్యమే. ధనుంజయ్ కంచం ముందు నుంచి లేచాడు.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి, ఇన్‌స్టిట్యూట్ యంత్రాలను ముట్టుకోబుద్ధికాక, రోడ్డవతలి ఇంటర్నెట్ కొట్లో కూర్చుని రాశాడు: రాయపూర్ నుంచి కొత్తగా వచ్చిన ముప్ఫై ఎనిమిది ఓట్లూ ఒకే గదిలో, ఒకే మధ్యాహ్నం వేయించినవి. వాటితో ఉన్న నివేదికలు నా నివేదిక చూసి దించినవి. ఒక్కటీ నిజం కాదు. లెక్కించకండి. నా కొలతలు మాత్రం నేను స్వయంగా తీసినవి. మూడు ఊళ్ళ వివరాలూ ఇచ్చాను, ఎవరైనా సరిచూసుకోవచ్చు.

ఉత్తరం పంపేశాడు. ఒళ్ళు తోముకుని స్నానం చేసినట్టు ఉంది.

అప్పుడు తెరిచారు బ్రిక్‌యార్డ్ వాళ్ళు నివేదికలు. గంటలో ఉత్తరాలు వరదయ్యాయి. నిన్న ముచ్చటపడినాయనే అందరికంటే ముందు రాశాడు: రాయపూర్ నుంచి వచ్చిన ఏ అంకెనూ ఇక నమ్మలేం. ముప్ఫై తొమ్మిదింట్లో అసలు ఏదో, నకలు ఏదో మనకేం తెలుసని ఇంకొకడు అడిగాడు. పెబుల్‌కి వేసిన అయిదుగురు తమ ఓట్లు వెనక్కి తీసుకుని వెరాండాకి మార్చారు. అక్కడికి వెళ్ళి సరిచూస్తామన్నవాడు లేడు. ఆరంగ్ ఎక్కడుందని కూడా ఎవరూ అడగలేదు.

అయిదున్నరకి ఫిన్లాండ్ ఆమె ఫలితం ప్రకటించింది. వెరాండాకి ఇరవై, పెబుల్‌కి పదకొండు. ధనుంజయ్ నివేదికను విడిగా పరిశీలించే వ్యవధి లేనందున దాన్ని కూడా పక్కన పెడుతున్నామంది. నిజం చెప్పినందుకు కృతజ్ఞతలు అని చివర ఉంది. ఆ కృతజ్ఞతలు చదువుతుంటే ఎవరో తడిచెయ్యి తుడుచుకోకుండా భుజం తట్టినట్టనిపించింది.

శనివారం పొద్దున ల్యాబ్‌లోకి నీలిమ వచ్చింది. మూడో వరసలో కూర్చునే అమ్మాయి. వాళ్ళది కరీంనగర్ నుంచి వచ్చిన కుటుంబం, తండ్రికి ఇనుము కొట్లో గుమాస్తా పని. క్లాసులో నోరు విప్పేది కాదు.

"సార్, మెయిల్ల ముప్ఫై ఎనిమిది అబద్ధమని రాసిన్రు."

"అవును."

"నాది ఎన్నో నంబరో చూసిన్రా?"

ధనుంజయ్ ఆమె వైపు చూశాడు.

"పంతొమ్మిది సార్. తెరిచిన్రా?"

"పదకొండు తెరిచాను."

"పదకొండు చూసి ముప్ఫై ఎనిమిది రాసిన్రు."

ఆమె గొంతు పెంచలేదు.

"గుఢియారీల మా బాబాయి జిరాక్స్ షాపుంది. ఆడ పాత కంప్యూటర్ మీద నేను రెండు వారాల సంది చూస్తున్న. మీరు చేసినట్టే, గడియారం పెట్టుకొని. బుధవారం అందరు ఎక్కిస్తుంటే నాది గూడ ఎక్కించిన. నేను సమోసా గూడ తినలే సార్."

పుస్తకాలు సర్దుకుని వెళ్ళిపోయింది.

పంతొమ్మిదో నివేదిక ముప్ఫై వరసలు ఉంది. అందులో కరెంటు పోలేదు. పెబుల్ ఎనిమిది సెకన్లు, వెరాండా ముప్ఫై ఒకటి. కింద ఒక సంగతి రాసింది: పాత బ్రౌజరులో పెబుల్‌తో పుట్టినతేదీ గడి తెరుచుకోవడం లేదు, మూడుసార్లు ప్రయత్నించాను. అయినా పెబుల్‌కే నా ఓటు. ఆరు వారాలు తిరిగిన ధనుంజయ్ ఆ లోపం కనిపెట్టలేదు. అతను ప్రతి ఫారంలోనూ తేదీ గడి దాటేసి కొలిచాడు.

ఇప్పుడతనికి రోత పుట్టింది ఇంకెవరినో చూసి కాదు. మిగిలిన ఇరవై ఆరూ అప్పుడు చదివాడు. చదవడానికి పావుగంట పట్టింది. అవన్నీ నకళ్ళే. గురువారం ఆ పావుగంట అతని దగ్గర ఉంది. దాన్ని కొళాయి దగ్గర చేతులు కడుక్కోవడానికి ఖర్చుపెట్టాడు.

రెండో ఉత్తరం రాశాడు. పంతొమ్మిదో నివేదిక నిజమైనది, నేను చదవకుండా అబద్ధమన్నాను, తప్పు నాది. మూడు రోజుల తర్వాత ఒక్క వరస జవాబు వచ్చింది: గడువు ముగిసింది, మీ సవరణను నమోదు చేశాం.

సోమవారానికి ఇన్‌స్టిట్యూట్ ముందు కొత్త బ్యానరు లేచింది. వెరాండా కోర్సు, ఛత్తీస్‌గఢ్‌లో మొదటిసారి.

"నెగ్గినోడితో ఉండాలయ్యా," అన్నాడు మురళీమోహన్, కోపం లేకుండా, నిజానికి ఆప్యాయంగానే. "నీ మెయిల్ సంగతి ఉమేష్ చెప్పాడు. కుర్రతనం. నేనేం మనసులో పెట్టుకోలేదులే. బుధవారం నుంచి క్లాసులు నువ్వే చెప్పు."

ధనుంజయ్ చెప్పాడు. ఆ ముప్ఫై ఏడుగురికే. నీలిమ ఫీజు వెనక్కి అడగలేదు, క్లాసుకి రాలేదు.

తరవాతి ఆదివారం గుఢియారీ వెళ్ళి ఆ జిరాక్స్ షాపు వెతుక్కున్నాడు. ఆ యంత్రం మీద కొలత తీసి తన పేరుతో కూడా పెడితే ఆమె మాటకి బలం వస్తుందనుకున్నాడు. నీలిమ బాబాయి కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. ధనుంజయ్ స్టాప్‌వాచీ తీశాడు. ఎనిమిది సెకన్లు. ముప్ఫై ఒకటి. పుట్టినతేదీ గడి తెరుచుకోలేదు.

"ఏం చూస్తున్నరు సార్?"

"నీలిమ రాసింది సరిగ్గా ఉందా లేదా అని."

టీ గ్లాసు అందించబోతున్న చెయ్యి ఆగింది. "మా పిల్ల అబద్ధం రాసిందా?"

"లేదు. అందరికీ రుజువు—"

"మా పిల్లకు రుజువేంది? లెవ్వు సార్. గిరాకీలు వస్తరు."

ధనుంజయ్ లేచాడు.

పుట్టినతేదీ గడి లోపం సరిచేయడానికి వారం పట్టింది. దాన్ని పెబుల్ తయారుచేసేవాళ్ళకి పంపుతూ, కనిపెట్టినది నీలిమ అని రాశాడు. వాళ్ళు తీసుకున్నారు. ఉమేష్ ద్వారా ఆమెకి కబురు చేస్తే "సరే" అందట.

బ్రిక్‌యార్డ్‌తో పాటు సేవా కేంద్రాల ఫారాల్లోకి వచ్చిన వెరాండాని పెరికేసి పెబుల్‌ని పెట్టాడు. రెండు నెలలకి బ్రిక్‌యార్డ్ మరో కొత్త వెర్షన్ వచ్చింది. దాని వెంట వెరాండా మళ్ళీ వచ్చింది. మళ్ళీ పెరికాడు. ఏడాదికి ఐదారుసార్లు, నాలుగేళ్ళపాటు, ఒక్కో ఫారమూ మొదటి వరస నుంచి చివరి వరస దాకా చదువుతూ, వంటలో పడిన వెంట్రుకని ఏరినట్టు ఏరుతూ ఉన్నాడు. ఒక్క వరస కూడా దాటెయ్యలేదు. ఆ పని అతనికి ఏనాడూ నచ్చలేదు.